ఊగేవాడా, ఉలకనివాడా: పియానో కచేరీకి టికెట్టు కొనేముందు

పోయిన చలికాలంలో న్యూజెర్సీ నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, ఒకే శనివారం రెండు పియానో కచేరీలు. ఏదో ఒకదానికే వెళ్లగలం. ఒకాయన వాయిస్తూ వాయిస్తూ బల్ల మీద నుంచి లేచిపోతాడట, జుట్టు ఎగరేస్తాడట, జనం ఈలలు కూడా వేస్తారట. ఇంకొకాయన శిలావిగ్రహంలా కూర్చుని వాయించి, తలొంచి ఒక్క దణ్ణం పెట్టి లోపలికి పోతాడట. ఎవరికి కొనమంటావు? మా ఆఫీసులో సంగీతం తెలిసిన పెద్దాయన ఒకరున్నారు. మొదటాయనది ఉత్త షో, కళ కాదు అంటున్నారు."

గంటలో చెబుతానన్నాను. మూడు రోజులు పట్టింది. ఎందుకంటే ఆ పెద్దాయన మాట ఒకప్పుడు నాకూ వేదవాక్కే. నేను పియానో వాయించను. ఇంట్లో ఉన్నది ఒక కీబోర్డు, అదీ మా అమ్మాయి గ్రేడ్ పరీక్షల కోసం కొన్నది. కానీ ఇరవై ఏళ్లుగా రికార్డులు వింటున్నాను, వీలు కుదిరినప్పుడు ముంబై వెళ్లి కచేరీలు విన్నాను. ఆ ఇరవైలో మొదటి పదేళ్లు నాది శిలావిగ్రహాల పార్టీ. ఊగేవాడు కనిపిస్తే వీడియో కట్టేసేవాణ్ని.

మన సామెతలు కూడా ఆ పార్టీవే. నిండు కుండ తొణకదంటాం. పైన పటారం లోన లొటారం అంటాం. మనుషుల మంచిచెడ్డల సంగతి ఎలా ఉన్నా, పియానో ముందు కూర్చున్నవాణ్ని అంచనా వేయడానికి ఈ సామెతలు పనికిరావు. కదపకుండా ఉంచితే ఖాళీ కుండ కూడా తొణకదు మరి. ఈ తగువు మనకేం కొత్త కాదు. అటు గంటలు లెక్కపెడుతూ, ఇటు నిషిద్ధాక్షరి తప్పించుకుంటూ అవధాని చెప్పిన పద్యం కవిత్వమా, గారడీయా అని వాదించుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కాకపోతే అవధాని పద్యాన్ని మర్నాడు కాగితం మీద పెట్టుకుని తీరిగ్గా చదివి తేల్చుకోవచ్చు. పియానో కచేరీకి ఆ సౌకర్యం లేదు. పద్యం ఇంకెవరిదో. దాన్ని చదివిన తీరు ఒక్కటే ఈయన సొత్తు, అది ఆ సాయంత్రంతో సరి.

మొదటి ముద్దాయి

ఈ కేసులో మొదటి ముద్దాయి ఫ్రాంజ్ లిస్ట్. 1811లో అప్పటి హంగేరీ రాజ్యంలో పుట్టాడు. 1832లో పారిస్‌లో పగనీని వయొలిన్ విని, ఆయన తీగల మీద చేసేదంతా తాను పియానో మెట్ల మీద చేయాలని పట్టుబట్టాడు. 1839 నుంచి 1847 దాకా లిస్బన్ నుంచి ఇస్తాంబుల్ వరకు ఊరూరా తిరిగి వాయించాడు. అప్పటివరకు కచేరీ అంటే నలుగురైదుగురు కళాకారులు పంచుకునే కార్యక్రమం. సాయంత్రమంతా ఒక్కడే పియానో వాయించడం ఈయనతోనే స్థిరపడింది. 1840లో లండన్‌లో ఆ కార్యక్రమానికి 'రిసైటల్' అని పేరు పెడితే, పియానో మీద పాఠం అప్పజెప్పడమేమిటని జనం వింతపడ్డారు. ఆడవాళ్లు ఆయన చేతి రుమాళ్ల కోసం, తొడుగుల కోసం ఎగబడేవారు. ఆ పిచ్చికి 1844లో కవి హైనే 'లిస్టోమేనియా' అని పేరే పెట్టాడు. పొడుగాటి జుట్టు, కోటు మీద పతకాలు, ఆ కళ్లు తిప్పడం. మన సినిమా హీరో ఆడియో ఫంక్షన్‌కు ఏమాత్రం తగ్గదు.

ఇక ఆయనకు పోటీదారు సిగిస్మండ్ థాల్‌బర్గ్. చాలామంది పట్టించుకోని సంగతి ఏమిటంటే, మన ఆఫీసు పెద్దాయన లెక్క ప్రకారం అసలైన కళాకారుడు ఈ థాల్‌బర్గే కావాలి. నిటారుగా కూర్చునేవాడు. ఒళ్లు కదిలేది కాదు, ముఖంలో భావం మారేది కాదు. ఆ నిశ్చలతకే ఆయనకు పేరు. 1837 మార్చి 31న పారిస్‌లో బెల్‌జొయోజో రాకుమారి ఇంట్లో ఇద్దరూ ఒకే వేదిక మీద వాయించారు. ఎవరు గొప్ప అని అడిగితే ఆ రాకుమారి "థాల్‌బర్గ్ ప్రపంచంలో మొదటివాడు, లిస్ట్‌లాంటివాడు లిస్ట్ ఒక్కడే" అందని చెబుతారు. ఇద్దరినీ నొప్పించకుండా ఎంత బాగా తప్పించుకుందో చూడండి.

కానీ ఆ నిశ్చలమైన మనిషి చేసిన పని ఏమిటి? పాటను మధ్యలో రెండు బొటనవేళ్లకూ పంచి, పైనా కిందా స్వరాల జల్లు కురిపించడం. వింటే మూడు చేతులు వాయిస్తున్నట్టుంటుంది. జనం మూడో చెయ్యి ఎక్కడుందా అని లేచి నిలబడి చూసేవారట. ఇది చిట్కా. అందమైన చిట్కానే, కాదనను. రచనకో రచన ఆ చిట్కా చుట్టూనే తిరుగుతుంది. ఈ రోజు కచేరీల్లో థాల్‌బర్గ్ పేరు దాదాపు వినపడదు.

ఊగిపోయిన లిస్ట్ మాత్రం 1836లోనే పారిస్‌లో బీథోవెన్ 'హామర్‌క్లావియర్' సొనాటా (పియానోకు రాసిన పెద్ద రచన) వాయించాడు. అప్పటికి దాన్ని వాయించలేనిదని, అర్థంకానిదని పక్కన పెట్టేశారు. స్వరకర్త బెర్లియోజ్ చేతిలో స్వరలిపి పెట్టుకుని విని, ఒక్క స్వరం వదలలేదు, ఒక్కటి కలపలేదని రాశాడు. ఆ తర్వాత 1847లో, ముప్పై అయిదేళ్ల వయసులో, గిరాకీ నెత్తిన ఉండగానే లిస్ట్ డబ్బు కోసం వాయించడం మానేశాడు. వైమార్‌లో ఉద్యోగంలో కుదురుకుని వాగ్నర్‌లాంటి వాళ్ల రచనలు వేదికెక్కించాడు. శిష్యుల దగ్గర పైసా తీసుకోకుండా పాఠం చెప్పాడు.

నా పార్టీ మార్పించింది మాత్రం ఒక కొట్టివేత. 1853లో ఆయన బి మైనర్ సొనాటా పూర్తిచేశాడు. అరగంట రచన. దానికి మొదట రాసిన ముగింపు పెద్ద పెట్టున మోగే ముగింపు, చప్పట్లు గ్యారంటీ. రాతప్రతిలో ఆ ముగింపు మొత్తాన్ని కొట్టేసి, దాని బదులు సద్దుమణిగిపోయే ముగింపు రాశాడు. మెల్లగా మూడు స్వరమేళాలు, ఆ పైన అట్టడుగున ఒకే ఒక్క స్వరం, వేలు తగిలించి తీసేసినట్టు. అంతే. చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక జనం రెండు క్షణాలు బిక్కచచ్చిపోతారు. యూరప్‌లో చప్పట్లు అందరికంటే ఎక్కువ తిన్నవాడు, చప్పట్లను తన చేత్తో కొట్టేసుకున్న పేజీ అది.

అయినా అప్పట్లో ఎవరికి అర్థమైంది? ఆ సొనాటాను స్వరకర్త రాబర్ట్ షూమన్‌కు అంకితమిచ్చాడు. ఆయన భార్య క్లారా షూమన్ ఆ కాలంలో నిఖార్సయిన పియానిస్టు. ఆర్భాటపు ముక్కలను కార్యక్రమాల నుంచి తగ్గించి బీథోవెన్, షోపాన్, భర్త రచనలకు చోటిచ్చిన మనిషి. లిస్ట్ సొనాటా విని, వట్టి రొద అని డైరీలో రాసుకుంది. చిత్తశుద్ధి ఉన్నంత మాత్రాన చెవి తప్పు చేయదనేం లేదు. ముందే 'వీడు షోవాడు' అని ముద్ర వేసుకున్న చెవికి మెల్లని స్వరం కూడా రొదలాగే వినపడుతుంది.

గమకం లేని వాద్యం

ఇక్కడ కాస్త యంత్రం సంగతి తెలియాలి. మెట్టు నొక్కితే లోపల ఉన్ని చుట్టిన సుత్తి ఎగిరి తీగను కొడుతుంది. తగిలే ముందే ఆ సుత్తికీ వేలికీ సంబంధం తెగిపోతుంది. అంటే స్వరం పుట్టాక వాయించేవాడు దాన్ని ఏమీ చేయలేడు. పెడల్‌తో నిలపగలడు, వేలు తీసి ఆపగలడు, అంతే. వీణ మీద మీటాక తీగ లాగి గమకం పలికించినట్టు పియానో మీద కుదరదు. పలికిన క్షణం నుంచి స్వరం చచ్చిపోతూనే ఉంటుంది.

దీన్నిబట్టి ఊపుల్లో రెండు రకాలున్నాయని తెలుస్తుంది. స్వరానికి ముందు కదలిక, స్వరం తర్వాత కదలిక. ముందు కదలికకు పనుంది. భుజం నుంచి బరువు దింపితే ఒక నాదం, వేలి కొసతో తాకితే ఇంకో నాదం. బల్ల మీద నుంచి లేచి కొట్టడంలో కూడా ఒక్కోసారి నిజంగా బరువు అవసరమే ఉంటుంది. స్వరం పుట్టాక చెయ్యి గాల్లోకి లేపి, కళ్లు మూసి, వేళ్లు వణికించడం మాత్రం వినేవాడి చెవికి కాదు, చూసేవాడి కంటికి. (ఒళ్లు సడలించుకోవడానికి చెయ్యి లేపడం వేరే సంగతి. అది చిన్నగా ఉంటుంది, వెంటనే తర్వాతి చోటికి పోతుంది.)

మా అమ్మాయికి తొమ్మిదేళ్లప్పుడు ఈ రోగం పట్టుకుంది. వీడియోలు చూసి, ప్రతి వాక్యం చివర మణికట్టు పైకి తిప్పి ఒక సెకను గాల్లో ఆపేది. వాళ్ల టీచరు ఏమీ అనలేదు. ఒక రోజు కీబోర్డు స్విచ్చి కట్టేసి, "ఇప్పుడు అదే వాయించు, చెయ్యి కూడా అలాగే లేపు" అంది. చప్పుడు లేని కీబోర్డు మీద చెయ్యి లేపగానే పిల్ల పక్కున నవ్వేసింది.

మనం కళ్లతో ఎంతగా వింటామో 2013లో అచ్చయిన ఒక పరిశోధన చూపించింది. చేసింది చియా-జంగ్ త్సే, తానే పియానో నేర్చినావిడ. పోటీల్లో చివరి ముగ్గురి ముక్కలు కొందరికి శబ్దం మాత్రమే వినిపించి, కొందరికి శబ్దం లేని వీడియో చూపించి, గెలిచిందెవరో చెప్పమంది. శబ్దం లేని వీడియో చూసినవాళ్లే మెరుగ్గా కనిపెట్టారు. సంగీతం వృత్తిగా ఉన్నవాళ్లు కూడా అంతే. అలాగని న్యాయనిర్ణేతలంతా మోసపోయారని కాదు. చెవికంటే కన్ను ముందు తీర్పు చెప్పేస్తుందని తెలిసి ఉంటే టికెట్టు దగ్గర కాస్త జాగ్రత్త పడతాం. ఇది రెండువైపులా పదునే: ఊపు చూసి మురిసినవాడూ కన్నుతోనే విన్నాడు, ఊపు చూసి ముఖం తిప్పుకున్నవాడూ కన్నుతోనే విన్నాడు.

రెండేసి పేర్లు పక్కపక్కన

హోరోవిట్జ్, రిక్టర్. ఇద్దరూ ఉక్రెయిన్ గడ్డ మీద పుట్టినవాళ్లే. హోరోవిట్జ్ (1903–1989) 'కార్మెన్' పాటల మీద తానే అల్లిన మెరుపు ముక్కలతో, అమెరికా కవాతు పాటను ఒక్క పియానో మీద బ్యాండు మేళంలా మోగించడంతో హాళ్లు దద్దరిల్లించినవాడు. మధ్యలో 1953 నుంచి 1965 దాకా వేదికే ఎక్కలేదు. రిక్టర్ (1915–1997) జీవితం చివరి దశలో హాలు మొత్తం చీకటి చేయించి, స్వరలిపి మీద ఒక చిన్న దీపం పెట్టించుకుని వాయించేవాడు. జనం తన ముఖం, చేతులు చూస్తూ కూర్చుంటే సంగీతం వినరని ఆయన వాదన. 1986లో సైబీరియా గుండా చిన్న చిన్న ఊళ్లలో వాయించుకుంటూ పోయాడు. ఫ్రాన్స్‌లో పాత ధాన్యపు కొట్టంలో ఏటేటా ఉత్సవం జరిపించాడు.

కాగితం మీద తీర్పు సులువు: మొదటాయన షో, రెండో ఆయన కళ. ఇప్పుడు 1986 ఏప్రిల్ 20, మాస్కో కచేరీ వీడియో పెట్టండి. హోరోవిట్జ్ ఆ దేశం వదిలిపెట్టి అరవై ఏళ్లు దాటాయి. వయసు 82. ఎంకోర్‌గా, అంటే కచేరీ అయ్యాక జనం కోరితే ఇచ్చే అదనపు ముక్కగా, షూమన్ 'ట్రాయ్‌మెరై' మొదలుపెడతాడు. పేజీ పాటి ముక్క, పిల్లలు నేర్చుకునేది, మెరుపులకు ఎక్కడా చోటు లేనిది. నాలుగు స్వరాల మెట్లెక్కి పైన కాసేపు ఆగి దిగొచ్చే వాక్యం ఒక్కటే మళ్లీ మళ్లీ వస్తుంది. ఆయన దాన్ని ఏ రెండుసార్లూ ఒకేలా ఎక్కడు. ఒకసారి పై స్వరాన్ని అందుకుంటాడు, ఒకసారి దాని దగ్గరికి వెళ్లి సంకోచిస్తాడు. చివరిసారి ఆ పై స్వరం దగ్గర నిలబడమని షూమన్ గుర్తు పెట్టాడు. అక్కడ హాలు ఊపిరి బిగబట్టడం తెలుస్తుంది. కెమెరా జనం మీదికి తిరిగితే ఒక నడివయసు మనిషి కదలకుండా కూర్చున్నాడు, చెంప మీద నుంచి కన్నీటి బొట్టు జారుతోంది, తుడుచుకోవడం లేదు. హోరోవిట్జ్ వేళ్లు చూడండి: చదునుగా, మెట్లకు అతుక్కుని, పైకి లేవవు. 'షోవాడు' అంటారే, ఆయన ఒళ్లంతా ఆ ముక్కలో ఒక్క అంగుళం కదలదు. అదే సాయంత్రం ఎంకోర్లలో మాష్‌కోవ్‌స్కీ 'నిప్పురవ్వలు' కూడా వాయించాడు, ఒట్టి వేళ్ల సరదా. కన్నీరు పెట్టించినవాడూ, నిప్పురవ్వలు చిమ్మినవాడూ అదే మనిషి.

రిక్టర్ దీపం సంగతి? నాకు ఆయనంటే ప్రాణం. 1958లో సోఫియాలో ముసోర్గ్‌స్కీ 'చిత్రప్రదర్శన' వాయించిన రికార్డింగు, శ్రోతల దగ్గులతో సహా, మా ఇంట్లో నెలకోసారైనా మోగుతుంది. అయినా నిజం చెప్పాలంటే కటిక చీకట్లో ఒక్క దీపం వెలిగించుకుని కూర్చోవడంకంటే నాటకీయమైన రంగసజ్జ నేనింతవరకు చూడలేదు.

లాంగ్ లాంగ్, గ్లెన్ గూల్డ్. ఇదొక వింత జత. లాంగ్ లాంగ్ 1982లో చైనాలోని షెన్యాంగ్‌లో పుట్టాడు. రెండేళ్లప్పుడు టీవీలో టామ్ అండ్ జెర్రీ కార్టూన్‌లో పిల్లి లిస్ట్ రెండో హంగేరియన్ రాప్సొడీ వాయించడం చూసి పియానో వైపు మళ్లానని తానే చెబుతాడు. 1999లో షికాగో దగ్గర రవీనియాలో పేరున్న పియానిస్టు రాలేకపోతే చివరి నిమిషంలో ఎక్కి చైకోవ్‌స్కీ కన్సర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచన) వాయించి, రాత్రికి రాత్రి పేరు తెచ్చుకున్నాడు. 2008 బీజింగ్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో వాయించాడు. గిట్టనివాళ్లు ఆయన్ని 'బ్యాంగ్ బ్యాంగ్' అంటారు. ముఖకవళికలు చూస్తే నాకూ ఒక్కోసారి చిరాకే. గూల్డ్ అటు కొస. వేదిక అంటే అసహ్యం, చప్పట్లు నిషేధించాలన్నాడు. 1964లో, ముప్పై ఒక్క ఏళ్లకే కచేరీలు మానేసి స్టూడియోలో కూర్చున్నాడు.

ఇద్దరూ బాఖ్ 'గోల్డ్‌బర్గ్' వాయించారు, ఒకే పాటను రకరకాలుగా మార్చి అల్లిన వేరియేషన్ల రచన అది. గూల్డ్ 1955లో 38 నిమిషాల్లో దూసుకుపోయాడు. 1981లో మళ్లీ 51 నిమిషాలు తీసుకున్నాడు. లాంగ్ లాంగ్ 2020లో పునరావృత్తులన్నీ వాయించి గంటన్నర తీసుకున్నాడు. ఆయన రికార్డింగులో ఇరవై అయిదో వేరియేషన్, ఆ దుఃఖపు ముక్క, మరీ సాగదీశాడనేది నా అభిప్రాయం. అక్కడ స్వరాలు విడివిడిగా ఏడుస్తాయి, వాక్యం కలవదు. నా ఫిర్యాదు ఏమిటో గమనించండి: ముఖం గురించి కాదు, వాక్యం గురించి. కళ్లు మూసుకున్నా ఆ లోపం ఉంటుంది. అదే మనిషి అదే రికార్డింగులో వేగంగా చేతులు అల్లుకునే వేరియేషన్లలో హాయిగా, స్వచ్ఛంగా వాయిస్తాడు. గూల్డ్‌కు కూడా షో లేదని ఎవరన్నారు? నాన్న సరిచేసిచ్చిన పొట్టి కుర్చీలో మోకాళ్ల మధ్యలో నుంచి తొంగిచూస్తున్నట్టు కూర్చోవడం, వాయిస్తూ గొంతెత్తి కూనిరాగం తీయడం, ఎండాకాలంలో చేతి తొడుగులు. జనం ఆ వింతలు చూడటానికి కూడా వచ్చేవారు. కాకపోతే ఆయన రికార్డు పెట్టి కుర్చీ సంగతి మరిచిపోండి, బాఖ్ నాలుగు గొంతులూ విడివిడిగా వినపడతాయి.

చైనాలో పుట్టిన పియానిస్టు యూజా వాంగ్ గురించి రెండు ముక్కలే. ఆమె దుస్తుల మీద 2011 నుంచి పత్రికల్లో రాసిన చెత్త చాలు. 2023 జనవరి 28న కార్నెగీ హాల్లో ఒకే కచేరీలో రహ్మనినోవ్ కన్సర్టోలు నాలుగూ, పగనీని రాప్సొడీ కలిపి వాయించింది. సుమారు రెండున్నర గంటల సంగీతం. సర్కస్ అన్నవాళ్లు లేకపోలేదు. ఆ నాలుగింటిలో రెండో కన్సర్టో నెమ్మది భాగం వినండి. క్లారినెట్ పాట పాడుతుంటే పియానో వెనక్కి తగ్గి ఉత్త అలల్లా ఉండాలి. తనను చూపించుకోవాలనుకునేవాళ్లు అక్కడ దొరికిపోతారు.

మరి ఎవరికి కొనాలి

కష్టమైన చోట్ల చూసి తీర్పు చెప్పకండి. ఈ రోజుల్లో పెద్ద హాళ్లలో వాయించే అందరికీ వేళ్లున్నాయి. తేలికైన చోట చూడండి. చేతులకు పనిలేని చోట బుర్రకు ఏం పనుందో అక్కడ బయటపడుతుంది. మొజార్ట్ సొనాటాలు పిల్లలకు మరీ తేలిక, కళాకారులకు మరీ కష్టం అని పియానిస్టు ష్నాబెల్ అన్నది ఇందుకే.

కొనేముందు ఆ పియానిస్టు వీడియో ఒకటి వెతికి, ఫోను బోర్లా పెట్టి, నెమ్మది ముక్క వినండి. పాట నడిపే స్వరం, కింద తోడు స్వరాలు రెండూ ఒకే బరువుతో వినపడితే అనుమానించండి. ఒకే వాక్యం రెండోసారి వచ్చినప్పుడు కార్బన్ కాపీలా ఉందా, కారణమేదో ఉండి మారిందా చూడండి. పెడల్ తొక్కిపట్టి స్వరాలన్నీ ముద్దచేస్తే వేగం ఎంతున్నా అది పప్పుచారే.

తర్వాత కార్యక్రమం పట్టిక చూడండి. అన్నీ మెరుపు ముక్కలే ఉంటే సరదాగా వెళ్లిరావచ్చు, రికార్డుల అరలో దాచుకునేంత ఉండకపోవచ్చు. ఒక మెరుపు, ఒక బరువు ఉంటే మంచి సంకేతం. ఎంకోర్ల లెక్క కొలబద్ద కాదు. సొకోలోవ్ అనే రష్యన్ మహానుభావుడు ముఖంలో నవ్వు లేకుండా, మసక వెలుతురులో వాయించి, ఆ పైన ఆరు ఎంకోర్లు ఇస్తాడు. ఊగేవాళ్లు కూడా అన్ని ఇవ్వరు.

ఉలకనివాడితో నాకు జరిగింది కూడా చెప్పాలి. ఒక ఊళ్లో, పేర్లు వద్దు, మహా గంభీరమైన విద్వాంసుడని అందరూ చెబితే దూరం నుంచి వెళ్లాను. బీథోవెన్, షూబర్ట్, బ్రామ్స్. మూడూ ఒకే బూడిద రంగు. కదలిక లేదు, నవ్వు లేదు, తప్పు స్వరం లేదు, సంగీతం కూడా లేదు. బయటికొస్తుంటే పక్కాయన "ఎంత లోతు!" అన్నాడు. నేనూ తలూపాను. అర్థం కానిదాన్ని లోతనడం ఎంత సులువో ఆ రోజు నాకే తెలిసొచ్చింది.

మొదటిసారి వెళ్లేవాళ్లయితే, పక్కన పిల్లలుంటే, నిస్సంకోచంగా ఊగేవాడి కచేరీకే వెళ్లండి. కార్టూన్ పిల్లిని చూసి ఒకడు పియానిస్టు కాగా లేనిది, జుట్టు ఎగరేసే మనిషిని చూసి మీ పిల్ల నెమ్మది ముక్క దాకా రాకపోదు. కర్ణాటక సంగీతం బాగా విన్న చెవి ఉన్నవాళ్లకు మాత్రం నా సలహా తిరగబడుతుంది: ఉలకనివాడి షూబర్ట్‌తో మొదలుపెట్టండి. రాగాలాపనలో తొందరపడకపోవడం మీకు అలవాటే, ఆ నిదానం మిమ్మల్ని భయపెట్టదు. వేగం మీద మోజు తని ఆవర్తనంలో మృదంగం తీర్చేస్తుంది. రికార్డులు కొనేవాళ్లకు ఈ గొడవే లేదు. రికార్డులో జుట్టు కనపడదు.

మా బావమరిదికి చివరికి ఊగేవాడినే చెప్పాను. ఆయన పట్టికలో మొదటి సగం చివర షూబర్ట్ ముక్క ఒకటి, నెమ్మదిది, ఉండటం చూసి. ఇంకో మాట కూడా చెప్పాను, సీటు గురించి. పియానోను పక్కకు తిప్పి మూత జనం వైపు తెరిచే పద్ధతి పాతకాలపు పియానిస్టు డుసెక్, లిస్ట్ కాలం నుంచి వస్తోంది. అందువల్ల హాల్లో ఎడమవైపు కూర్చుంటే చేతులు కనపడతాయి, కుడివైపు కూర్చుంటే మూత, వాద్యం అడ్డొచ్చి చేతులు కనపడవు. ఎడమవైపు సీట్లకే గిరాకీ. "ఒరేయ్, కుడివైపు తీసుకో" అన్నాను.

వాడు కొనేసరికి పక్కపక్కన రెండు మిగల్లేదు. ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి దొరికాయి. ఎడమవైపు వాడు కూర్చుని, కుడివైపు భార్యను కూర్చోబెట్టాడు. ఆదివారం పొద్దున్నే ఇద్దరూ స్పీకర్‌లో ఫోన్ చేశారు.

"బావా, ఆఫీసాయన చెప్పిందే నిజం. సర్కస్. చేతులు ఎక్కడికి లేపాడనుకున్నావు! చివర్లో అయితే సగం లేచి నిలబడ్డాడు."

"అన్నయ్యగారూ, ఈయన మాట నమ్మకండి. నాకు ఆయన తల తప్ప ఏమీ కనపడలేదు. విరామానికి ముందు ఒకటి వాయించాడు, మెల్లగా, ఆగి ఆగి. అయిపోయాక చాలాసేపు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మా వరసలో ఒక పెద్దావిడ కళ్లద్దాలు తీసి పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది."

"ఏది?" అన్నాడు వాడు. "ఎప్పుడు వాయించాడు అది?"